1957 బెల్ ఎయిర్‌కు స్టీలు పట్టీలు మళ్లీ ఎక్కించిన కథ

(మిషిగన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం తెలుగు కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. గోంగూర పప్పు, పెరుగన్నం తిన్నాక నన్ను మాట్లాడమన్నారంటే ఎవరో నా మీద గట్టిగానే పగబట్టారు. నిద్రొస్తే పడుకోండి, నేనేమీ అనుకోను. కాకపోతే పడుకునే ముందు ఈ ముక్కను ఒకసారి చూసి పక్కవాళ్లకు ఇవ్వండి. జాగ్రత్త, అంచు కోసుకుంటుంది. చూశారుగా, జడపిన్నులా మడతపడి ఉంది. ఒకప్పుడు ఇది స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉండేది. నా కారు ఎడమ వైపు ముందు డోరు మీది స్టీలు పట్టీ. దీనికి ఈ గతి ఎలా పట్టిందో తరువాత చెబుతాను. ముందు చేతులు మారనివ్వండి.

ఇది నా వృత్తి కాదండి. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగమే, మీలో చాలామందిలాగే. కానీ మా మేనమామకు విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు ఉండేది. వేసవి సెలవులొస్తే నేను అక్కడే. అంబాసిడర్లు, ఫియట్లు సొట్టలు పడి వచ్చేవి. మామయ్య చేతిలో చిన్న సుత్తి ఉండేది. టక్, టక్, టక్, టక్, ఒకటే లయ. ఒక్క దెబ్బ కూడా గట్టిగా పడేది కాదు. అక్కడ ఈ మెరిసే పట్టీలను బీడింగ్ అనేవాళ్లు. ఇక్కడ ట్రిమ్ అంటారు, మౌల్డింగ్ అంటారు. నేను పట్టీ అంటాను, సరేనా?

మనం ఉంటున్నది డెట్రాయిట్ పక్కన. ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్లు బారులు తీరి తిరుగుతాయి. 1995 నుంచీ జరుగుతోంది. మీలో కొందరు పిల్లల్ని తీసుకుని వచ్చే ఉంటారు. నాకు ఈ పిచ్చి అంటుకున్నది అక్కడే. అక్కడ చూసి చూసి, చివరికి ఒక రైతు కొట్టంలో పడి ఉన్న 1957 షెవ్రొలే బెల్ ఎయిర్ కొన్నాను. నాలుగు డోర్ల సెడాన్. రెండు డోర్ల హార్డ్‌టాప్, అంటే కిటికీల మధ్య స్తంభం లేనిది, అందరికీ కావాలి, అందుకని దాని ధర చుక్కల్లో ఉంటుంది. నాలుగు డోర్లది నాబోటి వాళ్లకు. కారు ఒక పక్క, దాని పట్టీలన్నీ నాలుగు అట్టపెట్టెల్లో పాత పేపర్లలో చుట్టి ఇంకో పక్క. ఏది ఎక్కడిదో రాసి పెట్టలేదు. ఆ నాలుగు పెట్టెల గురించే ఇవాళ్టి కథంతా.

ఈ పట్టీల మీద ఇంత గోల ఎందుకు? 1957లో షెవ్రొలే ఒకే ఒడ్డూపొడుగున్న కారును మూడు పేర్లతో అమ్మింది. వన్ ఫిఫ్టీ, టూ టెన్, బెల్ ఎయిర్. డోరు అదే, వెనక చక్రం పైన తోకలా లేచిన రెక్క అదే, కింద ఛాసిస్ అదే. మరి తేడా ఎక్కడుంది? లోపలి సీటు గుడ్డలు, బయట ఈ పట్టీలు. చీర నేత ఒకటే, అంచు మారితే ధర మారినట్టు. వన్ ఫిఫ్టీకి అయితే రెండేళ్ల కిందటి, అంటే 1955 బెల్ ఎయిర్ తరహా పట్టీ వేసి సరిపెట్టారు. పెద్దక్క లంగా చెల్లెలికి ఇచ్చినట్టు. అదే 1957 బెల్ ఎయిర్‌కు పక్కనుండే పట్టీ వెనక్కి వెళ్లేకొద్దీ రెండుగా చీలుతుంది. ఆ మధ్యలో గీతలు గీతలుగా ఉండే అల్యూమినియం రేకు. ఆ రేకు ఉంటేనే బెల్ ఎయిర్. అది పీకేస్తే దూరం నుంచి చూసినవాడికి ఏ కారో తెలియదు. ఇంకో తమాషా ఉంది, ఎడమ రెక్క చివరన నిలువుగా ఒక మెరిసే ముక్క ఉంటుంది. పెట్రోలు పోసే మూత దాని వెనకే దాక్కుంటుంది. తెలియనివాడు కారు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేయాల్సిందే.

ఇప్పుడు మెరుపు సంగతి. పాత కారు మీద మెరిసేదంతా ఒకటే అనుకుంటాం. అక్కడే మొదటి తప్పు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి మూడు రకాలున్నాయి. బంపరు ఇనుము, దాని మీద నికెల్ పూత, ఆపైన పల్చగా క్రోమ్ పూత. అది పొక్కులొచ్చి తుప్పు పట్టిందంటే ఎంత రుద్దినా లాభం లేదు, మళ్లీ పూత వేయించాల్సిందే. రెండోది ఆ గీతల రేకు. అల్యూమినియం మీద అనొడైజింగ్ అనే గట్టి పొర ఉంటుంది. దాన్ని బఫింగ్ చక్రానికి, అంటే మెరుపు తెప్పించడానికి మోటారుతో గిర్రున తిరిగే గుడ్డ చక్రానికి పెట్టారా, ఆ పొర పోతుంది. ఇంట్లో ఓవెన్ శుభ్రం చేసే కాస్టిక్ మందు కొట్టినా అంతే. మూడోది మన స్టెయిన్‌లెస్ స్టీలు. దీనికి పూత లేదు, పైనా లోపలా ఒకటే లోహం. గీత పడితే రుద్దుకోవచ్చు, సొట్ట పడితే తీసుకోవచ్చు, మళ్లీ అద్దంలా చేసుకోవచ్చు. నా దృష్టిలో కారు మొత్తం మీద ఇంత ఓర్పున్న భాగం ఇంకోటి లేదు.

మరి ఇది స్టీలేనని ఎలా పోల్చుకోవాలి? అయస్కాంతం పెట్టి చూస్తామంటారు. అమ్మలందరికీ తెలుసు, స్టీలు సామాన్ల కొట్లో అయస్కాంతం అతుక్కుంటే నాసిరకం, అతుక్కోకపోతే మంచి రకం అని. అవునా? ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. ఆ కాలపు కారు పట్టీలు చాలావరకు 430 రకం. అందులో క్రోమియం 16 నుంచి 18 శాతం, నికెల్ దాదాపు ఉండదు. అయస్కాంతం అతుక్కుంటుంది. మన మంచి కంచాలు 304 రకం, అందులో నికెల్ ఎనిమిది శాతం కలుస్తుంది కాబట్టి అతుక్కోదు. ఇండక్షన్ పొయ్యి మీద కొన్ని స్టీలు గిన్నెలు వేడెక్కుతాయి, కొన్ని ఎక్కవు, గమనించారా? అదే సంగతి. నేను మొదట్లో అయస్కాంతం అతుక్కుంది కదా అని రెండు పట్టీలను క్రోమ్ పూత ఇనుము అనుకుని పక్కన పడేశాను. మా ఆవిడ చూసి, దీని మీద ఒక్క తుప్పు చుక్క కూడా లేదే అంది. నిజమే, అరవై ఏళ్లు కొట్టంలో పడున్న ఇనుము అలా ఉంటుందా?

తుప్పు ఎందుకు పట్టదంటే, ఆ క్రోమియం గాలి తగలగానే తన మీద తానే కంటికి కనపడనంత పల్చని పొర కప్పుకుంటుంది. గీరితే మళ్లీ కప్పుకుంటుంది. న్యూయార్క్‌లో క్రైస్లర్ బిల్డింగ్ శిఖరం ఉంది కదా, 1930లో కట్టింది. అదంతా స్టెయిన్‌లెస్ రేకే, ఇంకా మెరుస్తూనే ఉంది. ఫోర్డ్ కంపెనీ అల్లెఘేనీ అనే స్టీలు కంపెనీతో కలిసి 1936లో ఒళ్లంతా స్టెయిన్‌లెస్‌తో ఆరు కార్లు చేసింది. మన గిన్నెలకు చక్రాలు బిగించినట్టు! ఈ పొరకు ఒకటే శత్రువు, ఉప్పు. ఆవకాయ జాడీలో ఎందుకు పెడతాం? స్టీలు డబ్బాలో పెడితే ఏమవుతుంది? డబ్బా అడుగున సన్నటి గుంటలు పడతాయి. మరి మన మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద పోసేదేమిటి? ఉప్పే. అంటే ఇక్కడ కారు ప్రతి చలికాలం ఆవకాయ జాడీలో ఊరినట్టే.

ఇంకో మాట మరిచిపోకముందే చెబుతాను. అంట్లు తోమే ఇనప పీచుతో ఈ పట్టీలు తోమకండి. ఇనుము రేణువులు స్టీలులో ఇరుక్కుంటాయి. నాలుగు రోజులకు అవి తుప్పు పడితే, అయ్యో స్టెయిన్‌లెస్ తుప్పు పట్టింది అంటారు. తుప్పు పట్టింది పీచు, మాట పడింది పట్టీ.

సరే, సొట్టలు. పట్టీ వెనక భాగం బోలుగా ఉంటుంది, రెండు అంచులూ లోపలికి మడిచి ఉంటాయి. మందం మిల్లీమీటరు కన్నా తక్కువ. ముందు వైపు నల్ల మార్కరు పూస్తాను. సన్నటి ఆకురాయి తీసుకుని దాని మీద తేలిగ్గా, అంటే గడ్డం గీసుకున్నంత తేలిగ్గా, ఒకసారి లాగుతాను. ఎత్తుగా ఉన్నచోట నలుపు పోయి మెరుస్తుంది. పల్లంగా ఉన్నచోట నలుపు అలాగే ఉంటుంది. ఇక ఆ నల్ల మచ్చ ఎక్కడుందో దాని వెనక నుంచి సుత్తి మొనతో చిన్నగా తడతాను. కింద గట్టి చెక్క. తట్టడం, మళ్లీ మార్కరు, మళ్లీ ఆకురాయి. నల్ల మచ్చ రూపాయి బిళ్లంత ఉన్నది, చింతగింజంత అవుతుంది, ఆవగింజంత అవుతుంది, పోతుంది. ఒక్క సొట్టకు అరగంట పట్టొచ్చు. మామయ్య గట్టిగా ఎందుకు కొట్టేవాడు కాదో నాకు ఇక్కడికొచ్చాక అర్థమైంది. గట్టిగా కొడితే రేకు సాగుతుంది. సొట్టను లోపలికి తోయొచ్చు, పైకి లేపొచ్చు, కానీ సాగిన రేకును తిరిగి దగ్గరికి లాగడం నా వల్ల కాలేదు. అది బొడిపెలా అలాగే ఉండిపోతుంది. నా మొదటి మూడు పట్టీల మీద ఆ బొడిపెలు ఉన్నాయి. ఎక్కడున్నాయో అడగొద్దు, నేను చెప్పను.

తరువాత వాటర్ పేపరు, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం. 320, 400, 600, 800, అలా పైకి, అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ఒక పేపరు నిలువుగా రుద్దితే తరువాతిది అడ్డంగా. ఎందుకు? ముందు పేపరు గీతలు పోయాయో లేదో అప్పుడే కనిపిస్తుంది. తొందరపడి 320 నుంచి 800కు దూకితే, అంతా అయ్యాక ఎండలోకి తెచ్చినప్పుడు ఆ పాత గీతలు పళ్లికిలిస్తాయి. ఆ తరువాత బఫింగ్. ముందు గరుకు నార చక్రం, తరువాత మెత్తటి నూలు గుడ్డ చక్రం, దానికి ఆకుపచ్చ సబ్బు, అంటే బిళ్లలా ఉండే పాలిష్ మందు.

ఇప్పుడు ఆ మడత ముక్క ఎవరి దగ్గరుంది? ఆఁ, అక్కడ. పైకెత్తి చూపించండి బాబాయి గారూ. నా బఫింగ్ మోటారు నిమిషానికి 3,450 చుట్లు తిరుగుతుంది. చక్రం ఎనిమిది అంగుళాలు. లెక్క కట్టండి, పిల్లలూ. చక్రం అంచు గంటకు 82 మైళ్ల వేగంతో పోతోంది. చక్రం ఎప్పుడూ పట్టీ అంచు మీదుగా బయటికి జారిపోవాలి, అంచుకు ఎదురుగా రాకూడదు. నేను ఎడమ కొస దగ్గర ఒక్క క్షణం పట్టీని తిప్పి పట్టుకున్నాను. అంతే. ఫట్‌మని చేతిలోంచి లాగేసుకుంది, నా చెవి పక్క నుంచి పోయి గోడకు కొట్టుకుంది. ముఖానికి షీల్డు ఉంది కాబట్టి ఈ ముఖం మీ ముందు ఉంది. అప్పటినుంచి ప్రతి పట్టీని ఒక కొయ్య ముక్క మీద బిగించి, ఆ కొయ్యను పట్టుకుని చేస్తున్నాను. వదులు చొక్కా, వదులు గ్లవ్స్ వేసుకుని దాని దగ్గరికి వెళ్లొద్దు. ఆ రోజు రాత్రి మా ఇంట్లో నాకు అన్నం మాత్రమే పెట్టారు, మాట పెట్టలేదు.

ఇంతవరకు చెప్పింది పట్టీ గురించి. అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు వస్తుంది. పట్టీలు ఎప్పుడు బిగించాలి? మీరంతా ఏమంటారు? రంగు వేశాక, అన్నీ అయ్యాక, చివర్లో. అంతేగా? పెళ్లికూతురికి నగలు చివర్లో పెట్టినట్టు. నేనూ అదే అనుకున్నాను. కారును పెయింట్ షాపుకు పంపాను. ఆయన మంచి పనివాడు, పనిలో వంక పెట్టలేం. నేనే ఏమీ చెప్పలేదు. కుడి వైపు డోర్ల మీదా, ఫెండరు (ముందు చక్రం మీది రేకు) మీదా పట్టీల క్లిప్పులు దూర్చే రంధ్రాలు చూశాడు. ఎవరో తరువాత చేసిన పాడు రంధ్రాలనుకున్నాడు. శ్రద్ధగా, ఒక్కటి కూడా వదలకుండా, వెల్డింగ్ పెట్టి, లప్పం రాసి, నున్నగా చేసి, పైన మూడు పూతలు రంగేశాడు. కారు ఇంటికొచ్చింది. అద్దంలా ఉంది. నేను మొదటి పట్టీ తీసుకుని కుడి డోరు దగ్గరికి వెళ్లాను. పట్టీ ఉంది, క్లిప్పు ఉంది, నట్టు ఉంది. రంధ్రం లేదు. పదకొండు రంధ్రాలు మాయం!

కొత్త రంగు మీద డ్రిల్లు పెట్టడమంటే ఏమిటో మీరు ఊహించుకోండి. అప్పటికి ఫొటోలు ఎడమ వైపువి మాత్రమే ఉన్నాయి. ఎడమ వైపు రంధ్రాలకు కాగితం అంటించి అచ్చు తీసి, తిరగేసి కుడి వైపు పెట్టాను. తెలివైన పనే కదా? కానీ ఆ కాలం కార్లు చేత్తో సర్దిన కార్లు. కుడి ఎడమలు కవల పిల్లలు కాదు, అన్నదమ్ములు మాత్రమే. నా అచ్చు ఒకచోట మూడు మిల్లీమీటర్లు తప్పింది. అదృష్టం బాగుండి డ్రిల్లు పెట్టకముందే పట్టీని టేపుతో అంటించి చూసుకున్నాం కాబట్టి బతికిపోయాను.

కాబట్టి వరుస ఏమిటంటే, ముందు డోర్లు బిగించి సందులు సరిచేయాలి. తరువాత రేకు బోసిగా ఉన్నప్పుడే పట్టీలన్నీ ఒకసారి ఎక్కించి చూడాలి. రంధ్రం తప్పితే అప్పుడే మార్చాలి. మళ్లీ విప్పి, సంచుల్లో పేర్లు రాసి పెట్టి, అప్పుడు రంగు. రంగు మెత్తగా ఉన్నప్పుడు క్లిప్పు నొక్కుకుంటుంది కాబట్టి కొన్ని వారాలు ఆరనిచ్చి అప్పుడు బిగించాలి. నాకు రెండేళ్లు పట్టింది ఈ నాలుగు మాటలు నేర్చుకోవడానికి.

బిగించే రోజు చెబుతాను. నేను ఒక్కణ్ణీ చేయలేను, మా ఆవిడ కావాలి. ఆమెకు ముగ్గు చుక్కలు పెట్టిన కన్ను ఉంది. కారు ముందు మూల దగ్గర చిన్న పీట వేసుకుని కూర్చుని, ఒక కన్ను మూసి, పట్టీ ఎత్తులో తల పెట్టి వెనక రెక్క దాకా చూస్తుంది. ఫెండరు, ముందు డోరు, వెనక డోరు, రెక్క, నాలుగు చోట్లా పట్టీ ఒకే గీతగా పోవాలి. డోరు ఒక నూలుపోగంత దిగినా రంగులో కనపడదు, పట్టీలో కనపడుతుంది. "ముందు డోరు వెనక కొస కొంచెం ఎత్తు. ఇంకొంచెం. ఎక్కువైంది. దించు." గంటన్నర ఇదే మాట. నేను అనుకున్నాను, పట్టీ వంకరగా ఉందని. ఆమె అంది, పట్టీ కాదు, నీ డోరే దిగింది అని. కీలు దగ్గర చూస్తే నిజంగానే డోరు దిగింది. మళ్లీ విప్పాం.

పట్టీ చుట్టూ రంగు మీద మాస్కింగ్ టేపు రెండు పొరలు వేశాం. ఎందుకో వినండి. ఎడమ ముందు డోరు పట్టీ ఈ గతి పట్టింది కదా, దాని బదులు కొత్తగా తయారైనది కొన్నాను. రెండు మిల్లీమీటర్లు పొడుగు. ఎంత, రెండు మిల్లీమీటర్లే కదా అని బిగించాను. డోరు మూసి ఉన్నప్పుడు చూడ్డానికి బాగానే ఉంది. తెరిచాను. కర్‌ర్‌మంది. డోరు తెరిచేటప్పుడు దాని ముందు అంచు ఫెండరు వైపు లోపలికి తిరుగుతుంది కదా, ఆ పొడుగు కొస ఫెండరు అంచును గీరింది. టేపు మాత్రమే చిరిగింది, రంగు దక్కింది. పట్టీ విప్పి, కొసను ఆకురాయితో అరగదీసి, డోరు సందు ఎంతుందో పట్టీల మధ్య సందూ అంతే వచ్చేలా చేశాను. ఇప్పుడు కూడా మొదటిసారి ఏ డోరైనా వేళ్ల మధ్య పట్టుకుని, ఊపిరి బిగబట్టి, అంగుళం అంగుళం తెరుస్తాను.

ఇక వెనక సంగతి, ఎవరికీ కనపడనిది. స్టీలు, ఇనుము, మధ్యలో ఉప్పు నీళ్లు. ఇదేమిటి? ఇదొక చిన్న బ్యాటరీ. ఆ బ్యాటరీలో అరిగిపోయేది స్టీలు కాదు, కారు రేకు. క్లిప్పు గీరి చిన్న గాటు పడిందనుకోండి, తుప్పంతా ఆ గాటు మీదే పడుతుంది. అందుకే రంధ్రం అంచులకు ప్రైమరు, రంగు చేత్తో పూశాను. క్లిప్పు కాడ చుట్టూ జిగురుగా ఉండే బ్యూటైల్ సీలరు ఒక ముద్ద పెట్టాను, పట్టీ వెనకంతా మైనం పూశాను. కానీ పట్టీ కింది అంచును మాత్రం మూయలేదు. లోపలికెళ్లిన నీళ్లు బయటికి రావద్దూ?

నట్టు వేళ్లతో తిప్పి, ఆగాక పావు చుట్టు. అంతే. నేను ఒకచోట స్పానరుతో ఇంకో అర చుట్టు వేశాను, గట్టిగా ఉంటుంది కదా అని. గ్యారేజీ ట్యూబులైటు ప్రతిబింబం ఆ పట్టీ మీద తిన్నగా పోతూ, సరిగ్గా ఆ నట్టు దగ్గర ఒక వంపు తిరిగింది. వెనక నుంచి లాగితే ముందు పల్లం పడింది. అరగంట పట్టి తీసిన సొట్టలాంటిది అర చుట్టుతో మళ్లీ తెచ్చుకున్నాను. ఇంకో సంగతి, డోరు నట్లు లోపలి నుంచి అందాలి. కాబట్టి డోరు ప్యాడు, అంటే డోరు లోపలి వైపు కప్పే అట్ట, వేయకముందే ఇదంతా అయిపోవాలి. నేను ప్యాడు వేసేశాను. నవ్వండి, నవ్వండి.

ఎవరో చెయ్యెత్తారు. ఎంత ఖర్చయిందనా? మా ఆవిడ ఇక్కడే ఉంది కాబట్టి ఆ ప్రశ్న తరువాత విడిగా అడగండి. ఏమ్మా చిన్నమ్మాయ్, నువ్వేంటి? ఎక్కొచ్చా అనా? తప్పకుండా. కారు బయటే ఉంది. కుడి డోరు నుంచి ఎక్కు. ఎడమది నేనే తెరుస్తాను. పెట్రోలు మూత ఎక్కడుందో కనిపెడితే చాక్లెట్టు ఇస్తాను. ఇందాక నిద్రపోనివాళ్లకు తెలుసు.

ఆ మడత ముక్క ఎక్కడిదాకా వచ్చింది? ఇటివ్వండి బాబాయి గారూ, పిల్లల చేతికి వెళ్లకముందే.